పెట్టె మీది '525ఎక్స్' చూసి కొనకండి!

మా అక్క కూతురికి ఆరేళ్లు. దానికి టెలిస్కోప్ కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే అన్నీ '525ఎక్స్' లాంటి అంకెలే. వాటిని పక్కన పెట్టేయండి. చూడాల్సింది ముందుండే లెన్స్ లేదా అద్దం వెడల్పు. అది ఎన్ని మిల్లీమీటర్లుంటే, దాదాపు దానికి రెండింతల వరకే జూమ్ పనికొస్తుంది. 50 మి.మీ. లెన్స్‌తో 100ఎక్స్ దాటితే మిగిలేది మసకే. 1610లో గెలీలియో గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామల్ని కనిపెట్టింది సుమారు 20ఎక్స్‌తోనే మరి!

రెండోది స్టాండ్. సన్నకాళ్ల ట్రైపాడ్ చెయ్యి తగిలితే చాలు, ఊగిపోతుంది. చందమామ తప్పిపోతుంది, పిల్లలకి విసుగొస్తుంది. అందుకే నా ఓటు టేబుల్ మీద పెట్టుకునే 76 మి.మీ. డాబ్సోనియన్‌కి. చేత్తో మెల్లగా తోస్తే చాలు, తిరుగుతుంది. బడ్జెట్ సరిపోకపోతే 7×35 బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టండి. చంద్రుడి మీది పెద్ద బిలాలు అందులోనూ కనిపిస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. కొన్ని చవక సెట్లలో ఐపీస్‌కి బిగించే 'సన్ ఫిల్టర్' ఇస్తారు. లోపల పోగయ్యే ఎండ వేడికి అది పగిలితే క్షణాల్లో కన్ను పోవచ్చు. పెట్టె విప్పగానే దాన్ని చెత్తబుట్టలో వెయ్యండి. పొద్దు పూర్తిగా గుంకాకే టెలిస్కోప్ పిల్లల చేతికివ్వండి.