ముఖపరిచయానికి ముందే నామపరిచయం: అపలాచియన్ కాలిబాటలో బాటపేర్లు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా తూర్పు కొండల మీదుగా సాగే అపలాచియన్ కాలిబాటను ఆసాంతం నడిచేవారు తమ అసలు పేర్లను పక్కనపెట్టి, బాట మీద ఏర్పడిన మరో పేరుతో వ్యవహరించుకుంటారు. వారిలో చాలామందికి తోటి పాదచారి పేరు ముందు తెలుస్తుంది, ముఖం తరువాత కనిపిస్తుంది. ఈ క్రమం ఎలా ఏర్పడింది, పేరుకూ ముఖానికీ ముడి ఎక్కడ పడుతుంది, ఆ ముడికి ఉన్న పరిమితి ఏమిటి అనే అంశాలను నామవిజ్ఞాన దృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నామవిజ్ఞానం, బాటపేరు, బస పుస్తకం, ముఖపరిచయం, సంధిదశ, అపలాచియన్ కాలిబాట.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'ముఖపరిచయం' అనే మాట ఉంది. ఒకరితో ముఖపరిచయం మాత్రమే ఉందంటే, చూసి గుర్తుపట్టగలమే తప్ప అంతకు మించిన సాన్నిహిత్యం లేదని అర్థం. ఒక్కొక్కప్పుడు పేరు కూడా తెలియకపోవచ్చు. పరిచయం ముఖంతో మొదలై, పేరుతో స్థిరపడి, ఊరు, ఇంటిపేరు వంటి వివరాలతో గాఢమవుతుందనే భావన ఈ మాట వెనుక ఉంది. నెలల తరబడి ఒకే బాటలో నడిచే పాదచారుల సమాజంలో ఈ వరుస తలకిందులవుతుంది. అక్కడ మొదట తెలిసేది పేరు. ముఖం కొన్ని వారాల తరువాత ఎదురుపడవచ్చు, అసలు ఎదురుపడకనే పోవచ్చు. అధికారిక నామం చాలామంది విషయంలో చివరి వరకు తెలియదు.

2. బాట – నేపథ్యం

1921లో బెంటన్ మెకై అనే ప్రణాళికావేత్త అపలాచియన్ పర్వతశ్రేణి వెంట ఒక సుదీర్ఘ కాలిబాటను ప్రతిపాదించాడు. 1937 నాటికి అది పూర్తయింది. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ నుంచి మేయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వరకు, 14 రాష్ట్రాల గుండా, సుమారు 3,500 కిలోమీటర్ల దూరం ఈ బాట సాగుతుంది. 1948లో ఎర్ల్ షాఫర్ దీనిని ఒకే ప్రయాణంలో పూర్తిచేసినట్లు తొలిసారి నమోదైంది. 1955లో 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ ఒంటరిగా నడిచి పూర్తిచేసింది. ఆమెను లోకం 'గ్రాండ్‌మా గేట్‌వుడ్' అనే పేరుతోనే గుర్తుపెట్టుకున్నది.

ఈ నడకకు సాధారణంగా అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. ఎక్కువమంది వసంతారంభంలో దక్షిణ కొసన బయలుదేరి ఉత్తరానికి నడుస్తారు. మొదలుపెట్టినవారిలో దాదాపు నలుగురికి ఒకరు మాత్రమే చివరికి చేరుతారు. దారి పొడవునా 250కి పైగా బసలు ఉన్నాయి. మూడు వైపుల గోడలు, పైన కప్పు ఉండే కొయ్యకట్టడాలే వీటిలో ఎక్కువ.

3. బాటపేరు స్వభావం

1970ల నుంచి పాదచారుల సంఖ్య పెరగడంతో 'ట్రైల్ నేమ్' వాడుక విస్తరించింది. దీనిని ఈ వ్యాసంలో బాటపేరు అని వ్యవహరించడం జరిగింది. తెలుగువారికి పరిచితమైన నామభేదాలతో పోల్చితే దీని స్వభావం స్పష్టమవుతుంది. ఇంటిపేరు వంశానుగతంగా వస్తుంది, దానిలో వ్యక్తి ఎంపిక లేదు. కలంపేరు వ్యక్తి తానే ఎంచుకుంటాడు. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి 'ఆరుద్ర' కావడం అలాంటిదే. ఊరివారు పెట్టే ఎగతాళి పేరుకు వ్యక్తి అంగీకారంతో పనిలేదు. బాటపేరు ఈ మూడింటికీ భిన్నమైనది. సంప్రదాయం ప్రకారం దానిని తోటివారు పెట్టాలి, కాని పెట్టించుకున్నవారు ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది. నచ్చని పేరు తగులుకుంటుందనే జంకుతో కొందరు ముందుగానే ఒక పేరు ఎంచుకుని బయలుదేరుతారు. 2011లో ఈ బాటను 46 రోజుల్లో ముగించిన జెన్నిఫర్ ఫార్ డేవిస్ బాటపేరు 'ఒడిస్సా'. హోమర్ కావ్యనాయకుని పేరుకు అది స్త్రీరూపం.

కొత్త పేరు ఎందుకు అవసరమవుతుంది? ఆర్నల్డ్ వాన్ జెనెప్ 1909లో సంస్కారవిధులను వియోగం, సంధిదశ, పునఃప్రవేశం అని మూడు దశలుగా విభజించాడు. విక్టర్ టర్నర్ తన 1969 నాటి గ్రంథంలో సంధిదశను విస్తరించి, ఆ దశలో సామాజిక హోదాలు తాత్కాలికంగా తొలగి సమభావం ఏర్పడుతుందని వివరించాడు. తెలుగు సమాజంలో అయ్యప్ప దీక్ష దీనికి చక్కని ఉదాహరణ. దీక్ష తీసుకున్నవారు న్యాయవాదులైనా, కూలీలైనా పరస్పరం 'స్వామి' అనే పిలుచుకుంటారు. అక్కడ అందరి పేర్లూ ఒకే పేరులో లీనమవుతాయి. అపలాచియన్ బాటలో కూడా వృత్తి, హోదా పక్కకు తొలగుతాయి, కాని ఫలితం వేరు. ప్రతి ఒక్కరికీ వేరొక పేరు వస్తుంది. దీక్షలో సమత్వం నామైక్యం వల్ల సిద్ధిస్తే, బాట మీద నామవైవిధ్యం వల్ల సిద్ధిస్తుంది.

4. బస పుస్తకం – పేరు ముందు చేరే విధం

ప్రతి బసలోనూ దాదాపుగా ఒక నోటుపుస్తకం ఉంటుంది. వాన తగలకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంచుతారు. వచ్చినవారు తేదీ వేసి, నాలుగు మాటలు రాసి, కింద బాటపేరు పెడతారు. నీటి ఊట ఎండిపోయిందని, ఎలుగుబంటి తిరుగుతున్నదని, మోకాలు నొప్పిగా ఉన్నదని, వెనుక వచ్చే ఫలానావారు తొందరగా రావాలని రాస్తారు.

ఈ పుస్తకాల పరిచయంలో ఒక అసమానత ఉన్నది. అందరూ ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తున్నప్పుడు, రెండు రోజుల ముందు ఉన్నవారు వారాల తరబడి రెండు రోజుల ముందే ఉంటారు. వెనుకవారు ప్రతి సాయంత్రం ముందువారి రాత చదువుతారు. వారి చేతిరాత, హాస్యం, విసుగు, నొప్పి తెలుస్తాయి. ముందువారికి మాత్రం వెనుక ఎవరు చదువుతున్నారో తెలియదు. ముందున్నవారు ఏదో ఊరిలో ఒక రోజు ఆగినప్పుడు దూరం తరిగి ఇద్దరూ కలుస్తారు. ఆ క్షణంలో ఒకరికి ఎదుటివారు నెల రోజుల పరిచితులు, మరొకరికి పూర్తి అపరిచితులు. రచయితకూ పాఠకునికీ మధ్య ఉండే సంబంధమే ఇది. అయితే ఇక్కడ పాఠకుడు నడిచివచ్చి రచయిత పక్కనే పడుకుంటాడు.

పశ్చిమ అమెరికాలోని పసిఫిక్ క్రెస్ట్ బాటలో 1995లో నడిచిన షెరిల్ స్ట్రేడ్, 2012లో వెలువడిన 'వైల్డ్' గ్రంథంలో ఇలాంటి అనుభవాన్నే నమోదుచేసింది. బాట పుస్తకాల్లో పేర్లు చదివి, ఆ మనుషులను తరువాత కలుసుకుంది. విడాకుల సందర్భంలో ఆమె స్వయంగా ఎంచుకున్న ఇంటిపేరుకు 'దారితప్పిన' అనే అర్థం ఉండటం నామవిజ్ఞాన దృష్టితో గమనించదగినది.

5. పేరుకు ముఖం చేరే తావులు

వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీలో ఈ బాటను సంరక్షించే అపలాచియన్ ట్రైల్ కన్జర్వెన్సీ ప్రధాన కార్యాలయం ఉంది. ఇది కచ్చితమైన సగదూరం కాకపోయినా, పాదచారులు దీనిని మానసికమైన నడిమిల్లుగా భావిస్తారు. 1979 నుంచి ఇక్కడికి వచ్చిన పూర్తిబాట పాదచారులకు ఫొటో తీసి, ఆ ఏటి వరుససంఖ్య, తేదీ, బాటపేరు, అసలు పేరు చేర్చి ఆల్బమ్‌లో భద్రపరుస్తున్నారు. తొలినాళ్లలో అవి పోలరాయిడ్ ఫొటోలు. వచ్చినవారు మొదట చేసే పని ఆ ఆల్బమ్ పుటలు తిరగవేయడం. పుస్తకాల్లో చదివిన పేరుకు ముఖం అక్కడ దొరుకుతుంది. బాటపేరు, అసలు పేరు, ముఖం మూడూ ఒకే చోట నమోదయ్యే అరుదైన పత్రం ఈ ఆల్బమ్. అయినా ఇది కూడా వెనుకవారికి ముందువారిని చూపుతుందే గాని, ముందువారికి వెనుకవారిని చూపదు.

ఆ అసమానతను సరిచేసేవి కూడళ్లు. వర్జీనియాలోని డమాస్కస్ అనే చిన్న ఊరిలో 1987 నుంచి ఏటా మే నెలలో 'ట్రైల్ డేస్' ఉత్సవం జరుగుతున్నది. ముందు ఉన్నవారు, వెనుక ఉన్నవారు వాహనాల్లో వచ్చి అక్కడ కలుసుకుని, తిరిగి తాము ఆపిన చోటికి వెళ్లి నడక కొనసాగిస్తారు.

ముఖపరిచయం అంటే కంటితో చూడడమే కానక్కరలేదు. 1990లో బిల్ ఇర్విన్ అనే అంధుడు, ఓరియంట్ అనే మార్గదర్శక శునకంతో ఈ బాటను పూర్తిచేశాడు. ఆ ఇద్దరికీ కలిపి 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' అనే బాటపేరు ఏర్పడింది. ఒకే పేరులో మనిషి, కుక్క ఇమిడిపోవడం, పేరులో కుక్కకే ప్రాధాన్యం దక్కడం తోటి పాదచారుల దృష్టిని తెలుపుతుంది. దారి చూపినవారి పేరే దారిలో నిలిచింది. ఇర్విన్‌కు తోటివారి ముఖాలు కనిపించవు. అతని విషయంలో ముఖం చేసే పనిని కంఠస్వరం చేసింది.

6. ముడి పరిమితి

2018లో ఫ్లోరిడాలో ఒక గుడారంలో ఒక పాదచారి మరణించి కనిపించాడు. గుర్తింపు పత్రం లేదు, ఫోను లేదు. పోలీసులు విడుదల చేసిన ఊహాచిత్రాన్ని చూసి అపలాచియన్ బాటలో అతనితో నడిచినవారు వెంటనే గుర్తుపట్టారు. బాటపేరు చెప్పారు. తాము తీసిన ఫొటోలు ఇచ్చారు. అతని మాటతీరు, మంచితనం గుర్తుచేసుకున్నారు. అసలు పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. ఆ ఫొటోలు విస్తృతంగా ప్రచారమై, పాత పరిచయస్థులు అతనిని పోల్చుకోవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. పేరు, ముఖం రెండూ తెలిసినా ఆ మనిషి ఎవరి బిడ్డో తెలియని స్థితి ఇది.

ఈ ఉదంతం రెండు ప్రశ్నలను లేవనెత్తుతుంది. పాత పేరును వదిలి నడిచే హక్కు మనిషికి ఉన్నదా? ఉన్నదనే బాట సమాజం నమ్మిక, కనుకనే అక్కడ ఎవరూ అసలు పేరు అడగరు. అలా వదిలినవారు ఆపదలో పడితే కబురు ఎవరికి చేరాలి? దీనికి ఆ సమాజం చెప్పుకునే సమాధానం సాదాసీదాగా ఉంటుంది: బాటపేరును ఇంటివారికి చెప్పి ఉంచాలి. వెదికేవారు బస పుస్తకాలను తిరగవేసినప్పుడు వారికి కనిపించేది ఆ పేరే.

7. ముగింపు

బాట మీద పరిచయం పేరు, ముఖం, అధికారిక నామం అనే మూడు మెట్లలో సాగుతుంది. మొదటి మెట్టును రాత, రెండవదానిని కలయిక నిర్మిస్తాయి. మూడవ మెట్టు ఎక్కడం వ్యక్తి ఇష్టానికి వదిలివేయబడింది. నామవిజ్ఞాన పరిశోధనలు సాధారణంగా పేరుకు వ్యుత్పత్తిని, అర్థాన్ని అన్వేషిస్తాయి. ఒక పేరును ఒక ముఖంతో ముడివేయగల జ్ఞానం ఎవరి వద్ద ఉన్నదన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమని ఈ పరిశీలన సూచిస్తున్నది. కలంపేర్లు, దీక్షానామాలు, ఎగతాళి పేర్ల మీద పరిశోధన చేసేవారు ఈ ప్రశ్నను తమ క్షేత్రాలకు అన్వయించి చూడవచ్చు. కొండబాట మీద ఆ జ్ఞానం ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా లేదు. బస పుస్తకంలో కొంత, ఆల్బమ్‌లో కొంత, ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి దగ్గర కొంత ఉన్నది.