ఉత్తుత్తి సూర్యుడు... అసలు పరీక్ష!

1989 మార్చి 13. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం ఒక్కసారిగా చీకటైపోయింది. 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు కరెంటు లేకుండా గడిపారు. గ్రిడ్డును కుప్పకూల్చింది గాలివానా కాదు, పిడుగూ కాదు. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యుడు!

సూర్యుడి బాహ్య వాతావరణమే కరోనా. అక్కడినుంచి ఒక్కోసారి వందకోట్ల టన్నులకు పైగా పదార్థం పెల్లుబికి అంతరిక్షంలోకి దూసుకొస్తుంది. అది భూమివైపు వచ్చిందంటే విద్యుత్ లైన్లకూ ఉపగ్రహాలకూ ముప్పే. అందుకే ఆ విస్ఫోటం మొదలైనప్పుడే దాన్ని పసిగట్టాలన్నది శాస్త్రవేత్తల ప్రయత్నం.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య ఎల్‌1లో ఇందుకోసమే ఓ పరికరం ఉంది. పేరు వీఈఎల్‌సీ. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ తయారుచేసింది. గ్రహణంలో చంద్రుడు అడ్డొచ్చినట్టు సూర్యబింబాన్ని కప్పేసి, చుట్టూ ఉన్న కరోనాను మాత్రమే ఫొటో తీస్తుంది. సెకనుకో ఫొటో తీయాలన్నది ఆలోచన. కానీ 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి అన్నిటినీ భూమికి పంపడం కుదరదే! అందుకే విస్ఫోటం ఉన్నవాటినే ఉపగ్రహంలోనే ఏరే ప్రోగ్రామ్‌ను రూపొందించారు.

అదెలా అంటే... ఒక ఫొటోలోంచి దాని ముందటి ఫొటోను తీసేస్తే మారనిదంతా మాయమవుతుంది. మిగిలిన వెలుగు ఓ హద్దు దాటి, తగినంత మేర పరుచుకుని ఉంటే అది విస్ఫోటమే.

మరి ఈ ప్రోగ్రామ్‌ను నమ్మేదెలా? ఓసారి వదిలేసిన ఫొటో మళ్లీ దొరకదు. పరీక్షిద్దామంటే అచ్చంగా వీఈఎల్‌సీ చూసేంత మేర చూసే అంతరిక్ష పరికరం అప్పటికి లేదు. దాంతో శాస్త్రవేత్తలు కంప్యూటర్లోనే ఉత్తుత్తి కరోనా ఫొటోలు సృష్టించారు. అసలు ఫొటోల్లో ఉండే చుక్కచుక్కల మసకనూ కలిపారు. వాటిలో రకరకాల విస్ఫోటాలను చొప్పించారు. ఎక్కడ ఏది పెట్టారో తెలుసు కాబట్టి ప్రోగ్రామ్ చెప్పిన జవాబును ఇట్టే దిద్దొచ్చు. నాసా స్టీరియో ఉపగ్రహం తీసిన అసలు ఫొటోలతోనూ పరీక్షించారు.

2018లో వెల్లడైన ఫలితాల ప్రకారం, పంపాల్సిన సమాచారం 85 శాతం తగ్గినా 70 శాతం విస్ఫోటాలు దొరుకుతాయి. హద్దును తగ్గిస్తే మసక విస్ఫోటాలూ చిక్కుతాయి కానీ ఉత్తుత్తి హెచ్చరికలు పెరుగుతాయి. పెంచితే అసలువే జారిపోతాయి.

ఆదిత్య 2024 జనవరి 6న తన కక్ష్యకు చేరింది. ప్రోగ్రామ్ ఎక్కడ పొరపడుతుందో మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే తెలిసింది. ఉత్తుత్తి సూర్యుడు చేసిన మేలు అదే!