ఒక్క గుమ్మడికాయ – నాలుగు ఇళ్ల వంట



వానలు వెనుకబట్టి ఖరీఫ్ పంట ఇంటికి చేరే వేళకు, పాకల మీదికీ కంచెల మీదికీ పాకిన గుమ్మడి పాదులు కూడా కాపు దింపడానికి సిద్ధమవుతాయి. కోత పండుగనాడు కొత్త వడ్లు, జొన్నలు, కోళ్లతో పాటు గుమ్మడికాయ కూడా గుడిలోకి కానుకగా వస్తుంది. ఆరాధన తరువాత వేలంలో ఎవరో ఒకరు పాడుకుంటారు. అయితే ఐదారు కిలోల కాయను ఒక చిన్న కుటుంబం రెండు మూడు రోజుల్లో తినలేదు. సగం వండుకొని, మిగతా సగం పెంటకుప్పలో వేయవలసి వస్తుంది. దేవునికి అర్పించిన పంట అలా పోవడం తగునా?

బాగా ముదిరి, తొక్క గట్టిపడి, తొడిమ ఊడని కాయను గాలి తగిలే పొడి చోట అటక మీద ఉంచితే రెండు మూడు నెలలు నిలుస్తుంది. కోసిన తరువాత మాత్రం త్వరగా పాడవుతుంది. కనుక కోసిన రోజునే ముక్కలు ఇరుగుపొరుగుకు పంచండి. పొలం అంచుల పంటను బీదలకు విడిచిపెట్టుమని లేవీయకాండము 23:22లో దేవుడు ఆజ్ఞాపించాడు. పొలం లేని వారు సైతం ఆ ఆజ్ఞను వంటగదిలో నెరవేర్చవచ్చు.

వండేముందు చిన్న పచ్చిముక్క నాలుకకు తగిలించి చూడండి. 2 రాజులు 4వ అధ్యాయంలో, కరవు కాలమందు ఒకడు గుణమెరుగని కాయలు తెచ్చి కుండలో వేయగా, తిన్నవారు విషమని కేకలు వేశారు. గుమ్మడి, సొర జాతి కాయలు చేదుగా ఉంటే ఉడికించినా ఆ దోషం పోదు. వాంతులు, విరేచనాలు కలుగుతాయి. అటువంటి కాయను పారవేయడమే మంచిది.

గుమ్మడి పులుసు: అరకిలో ముక్కలను తొక్కతోనే తరగండి. రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు చేర్చి ఉడికించండి. ముక్క మెత్తబడ్డాక నిమ్మకాయంత చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క వేసి మరగనివ్వండి. చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. చివర నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టండి.

గుమ్మడి హల్వా: చెక్కు తీసిన అరకిలో గుమ్మడిని తురమండి. రెండు చెంచాల నేతిలో వేయించి, దాని నీటిలోనే మగ్గనివ్వండి. 200 గ్రాముల బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి, వడగట్టి పోయండి. అడుగంటకుండా కలుపుతూ, గిన్నెను వదిలే వరకు ఉంచి, మరొక చెంచా నెయ్యి, ఏలకుల పొడి, వేయించిన వేరుశెనగపప్పు కలపండి. చక్కెర వ్యాధి ఉన్నవారు దీని జోలికి పోక, బెల్లం వేయని పులుసు మితంగా తినడం మేలు.

గింజల పొడి: గింజలను కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, దోరగా వేయించి, పై పొట్టు తీయండి. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో కలిపి దంచితే వేడి అన్నంలోకి కమ్మని పొడి.

గుమ్మడిలోని పసుపు రంగు పదార్థం మన శరీరంలో విటమిన్ ఎ గా మారుతుంది. ఆ విటమిన్ కొరవడిన పిల్లలకు రేచీకటి వస్తుంది. నూనె గాని నెయ్యి గాని కొంచెం కలిస్తేనే అది ఒంటికి బాగా పడుతుంది; అందుకే తాలింపు రుచికి మాత్రమే కాదు. ఆరోగ్య కార్యకర్త తొమ్మిది నెలల వయసు నుండి ఐదేళ్ల వరకు పిల్లలకు ఆరు నెలలకొకసారి వేసే విటమిన్ ఎ మందును కూడా మానిపించకండి.

ఐదువేలమంది తృప్తిగా తిన్న తరువాత కూడా మిగిలిన ముక్కలను ప్రభువు పోగుచేయించాడు. ఈ కోత పండుగకు మీ ఇంటికి వచ్చే గుమ్మడికాయలో ఒక ముక్క, పొయ్యి వెలగని ఇంటికి ముందుగా చేరనివ్వండి.