వృద్ధుల గుండె శస్త్రచికిత్స: రక్తం ఎప్పుడు ఎక్కించాలి?

గుండె శస్త్రచికిత్స జరిగిన మర్నాడు 78 ఏళ్ల తండ్రికి హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉందని తెలిస్తే, దూరదేశంలో ఉన్న పిల్లలు ఫోనులో అడిగే మొదటి ప్రశ్న "రక్తం ఎక్కించారా?" అన్నదే. వైద్యులూ దశాబ్దాలపాటు అలాగే ఆలోచించారు. డెసిలీటరుకు 10 గ్రాములన్న హద్దు 1942లో ఆడమ్స్, లండీ అనే అమెరికన్ వైద్యులు చేసిన సూచన. చాలాకాలం అదే నియమంగా చెలామణి అయింది.

అసలు ఆ అంకె ఎందుకు తగ్గుతుంది? కొంత రక్తం పోవడం నిజమే. కాని గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే యంత్రపు గొట్టాలను ముందుగా సెలైన్ వంటి ద్రవంతో నింపుతారు. అది రోగి రక్తంలో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. మూత్రపిండాలు ఆ అదనపు నీటిని బయటికి పంపేకొద్దీ అంకె కొంత దానంతటదే పెరుగుతుంది.

2017లో వెలువడిన ట్రిక్స్-3 అధ్యయనంలో 19 దేశాలకు చెందిన దాదాపు 5,000 మందిని పరిశీలించారు. ఒక వర్గానికి హిమోగ్లోబిన్ 7.5 కంటే తగ్గితేనే రక్తం ఇచ్చారు. రెండో వర్గానికి ఆపరేషన్ గదిలోనూ ఐసీయూలోనూ 9.5, వార్డులో 8.5 హద్దు. మరణం, గుండెపోటు, పక్షవాతం, డయాలిసిస్ అవసరమయ్యే మూత్రపిండ వైఫల్యం, వీటిలో ఏదో ఒకటి మొదటి వర్గంలో 11.4 శాతం మందికి, రెండో వర్గంలో 12.5 శాతం మందికి సంభవించింది. వేచి చూడటంవల్ల నష్టం కనిపించలేదు. ఆశ్చర్యపరిచేది వయసు లెక్క: 75 ఏళ్లు, ఆపైబడినవారిలో ఆ శాతాలు 10.2, 14.1. బలహీనులకే రక్తం ఎక్కువ కావాలన్న మన ఊహకు ఇది పూర్తిగా ఎదురు.

కారణం రూఢి కాలేదు. వయసుతో బిరుసెక్కిన గుండె అదనపు ద్రవభారాన్ని తట్టుకోలేకపోవడం ఒక వివరణ. నిల్వ రక్తపు పాతదనాన్ని కొందరు అనుమానించారు గాని, 2015 నాటి రిసెస్ అధ్యయనంలో పది రోజుల్లోపు రక్తానికీ మూడు వారాలు దాటిన రక్తానికీ ఫలితాల్లో తేడా కనిపించలేదు.

అలాగని ఇదే తుది తీర్పు కాదు. పెద్ద అధ్యయనంలోని ఒక ఉపవర్గం నుంచి తేలిన ఫలితం సూచన మాత్రమే. పైగా 2015లోనే బ్రిటన్‌లో జరిగిన టైటర్-2 అధ్యయనంలో, 7.5 దాకా ఆగినవారిలో 90 రోజుల మరణాలు 4.2 శాతం కాగా, 9 వద్దనే రక్తం పొందినవారిలో 2.6 శాతం. అందుకే అనుభవజ్ఞులు అంకెనొక్కదాన్నే చూడరు. రక్తస్రావం సాగుతోందా, రక్తపోటు నిలుస్తోందా, ఛాతీనొప్పి ఉందా అని కూడా చూస్తారు.

ఇంటివారు అడగవలసిన మెరుగైన ప్రశ్న శస్త్రచికిత్సకు ముందే ఉంది: రక్తహీనత ఉందా, ఉంటే ఇనుము లోపమా? వ్యవధి ఉన్నప్పుడు దాన్ని ముందే సరిచేయవచ్చు. ఇక ట్రిక్స్ బృందం ఇప్పుడు 65 ఏళ్లు, అంతకు లోపువారిని ఎంచుకుని నాలుగో అధ్యయనం చేపట్టింది. ఎక్కువ రక్తం మేలు చేసేది బహుశా చిన్నవయసువారికేమో తేల్చుకోవడానికి.