బల్లమీది సేన

బల్లమీద బొమ్మసైనికులను నిలిపి, కొలబద్దతో వారి నడకను కొలిచి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చు వినోదమొకటి పాశ్చాత్యదేశములలో కలదు. నేనును అట్టి బొమ్మలను కొన్నిటిని సేకరించి రంగులు వేసితిని.

1893లో ఇంగ్లండునందు విలియం బ్రిటన్ కుటుంబమువారు కరగిన సీసమును అచ్చులో పోసి, అంచు గట్టిపడగానే నడిమి సీసమును వెలుపలికి వంపివేసిరి. అందుచే బొమ్మ డొల్లయై, తేలికయై, చవుకగా లభించెను. నేటి బొమ్మలు పెక్కులు ప్లాస్టిక్కువి. ఎత్తు అంగుళమునకు కొంచెము మించును.

ఇంత చిన్నబొమ్మపై వెలుగునీడలు తమంత తాము స్పష్టముగా నేర్పడవు, రంగులతోనే కల్పింపవలెను. మొదట అడుగుపూత, పిదప అసలు రంగులు, ఆపై మడతలలోనికి దిగు పలుచని ముదురురంగు, తుదకు మిట్టలపై లేతరంగు. ఒక్కొక్క బొమ్మకు నాకు రెండు సాయంకాలములు పట్టును.

1913లో ఎచ్. జి. వెల్స్ ఇట్టి యాటకు నియమములు వ్రాసి, ‘లిటిల్ వార్స్’ అను పేర ప్రకటించి, నిజమైన యుద్ధముకంటె ఈ చిన్నయుద్ధమే మేలని వాదించెను. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధము చెలరేగెను.

రెండు సాయంకాలములు శ్రమించి తీర్చిన బొమ్మ బల్లపై కూలినపుడే నా మనస్సు చివుక్కుమనును. దానిని నేను మరల నిలుపగలను. ఇరువదియేండ్లు పెంచిన కుమారుని రణరంగమున గోల్పోయిన తల్లికి ఆ భాగ్యమేది?