అలసిన కాళ్ళకు గాలిపీడన చికిత్స

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో, ఆళ్ళగడ్డకు చేరువన ఉన్న అహోబిలం నవనారసింహ క్షేత్రంగా ప్రసిద్ధి చెందినది. ఎగువ అహోబిలం నుండి జ్వాలా నరసింహస్వామి ఆలయానికీ, ఉగ్రస్తంభానికీ నల్లమల కొండదారిలో కాలినడకన వెళ్ళవలసిందే. ఏటా సంక్రాంతి నాళ్ళలో ఆరంభమయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి 40 రోజులకు పైగా పరిసర గ్రామాలలో సంచరిస్తుంది. పల్లకి మోసే బోయీలకూ, కొండనెక్కే యాత్రికులకూ కాళ్ళ నొప్పులు కొత్తవి కావు.

కొండ ఎక్కేటప్పుడు ఆయాసం అధికం. కాని మరునాటి నొప్పికి ముఖ్య కారణం దిగడమే. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీర భారాన్ని నిలువరిస్తాయి. అందువలన కండర తంతువులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ నొప్పి 24 నుండి 72 గంటలలో తీవ్రమై, క్రమంగా తగ్గుతుంది.

కాళ్ళు బరువెక్కడానికి మరొక కారణం కలదు. పాదాలకు చేరిన రక్తం భూమ్యాకర్షణకు ఎదురుగా గుండెకు తిరిగి రావాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడతాయి. సిరలలోని కవాటాలు దానిని వెనుకకు జారనీయవు. అందుకే పిక్కను 'రెండవ గుండె' అంటారు. యాత్ర ముగించి నంద్యాలకు బస్సులో కదలక కూర్చున్నవారిలో ఈ పని మందగిస్తుంది; పాదాలలో నీరు చేరుతుంది.

పిక్క చేసే ఈ పనినే యంత్రం చేత చేయించడం గాలిపీడన చికిత్స. పొడవైన మేజోడు వంటి తొడుగులో అనేక అరలుంటాయి. పంపు వాటిని పాదం నుండి తొడ వరకు వరుసగా గాలితో నింపి, తరువాత వదులుతుంది. శస్త్రచికిత్స అనంతరం మంచం పట్టిన రోగుల సిరలలో రక్తం గడ్డకట్టకుండా ఆసుపత్రులలో దీనిని వాడుతున్నారు. కాలక్రమంలో ఇది క్రీడాకారులకూ చేరువైంది. దీనివలన నొప్పి, బరువు కొంతసేపు తగ్గవచ్చు. కండరాలు త్వరగా బలం పుంజుకొంటాయనడానికి మాత్రం తగిన నిదర్శనాలు లేవు. నిద్ర, పోషకాహారం, తగినంత నీరు, తేలికపాటి నడక — ఇవే ప్రధానం.

ఒక హెచ్చరిక మరువరాదు. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పి పెడితే అది అలసట కాకపోవచ్చు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అట్టి కాలికి ఈ యంత్రం తగిలిస్తే గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించగలదు. కనుక వెంటనే వైద్యుని సంప్రదించాలి. గుండె జబ్బు, మధుమేహం, ధమనులలో అవరోధం ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే దీనిని వాడరాదు.

యంత్రం లేనివారు నిరాశ చెందనక్కరలేదు. వెల్లకిలా పడుకొని కాళ్ళను గుండె కంటే ఎత్తున దిండ్లపై ఉంచి, పాదాలను ముందుకూ వెనుకకూ ఆడించాలి. అప్పుడు పైసా ఖర్చు లేకుండానే మన పిక్కలు తమ పని తాము చేస్తాయి.