ఫ్రీ నవల అంటే పైరసీయేనా? రచయితలే స్వయంగా ఇచ్చేస్తున్న పుస్తకాల సంగతి

ఏదో గ్రూపులో నవలల స్కాన్ పీడీఎఫ్‌లు కనిపిస్తే చాలు, మనలో చాలామంది వెనకాముందు చూడకుండా డౌన్‌లోడ్ కొట్టేస్తాం. వాటిలో చాలావరకు రచయితకు తెలియకుండా తిరుగుతున్నవే. కానీ "తీసుకోండి, కాపీ చేసుకోండి, ఫ్రెండ్స్‌కి పంపండి" అని రచయితే లైసెన్స్ రాసి మరీ ఇచ్చిన నవలలు కూడా ఉన్నాయి. ఫోన్‌లో పుస్తకాలు చదివే ప్రతి ఒక్కరూ ఈ తేడా తెలుసుకోవాలని నా ఉద్దేశం.

మొదలైంది ఇలా

క్రియేటివ్ కామన్స్ సంస్థ తన లైసెన్సులను 2002 డిసెంబర్‌లో విడుదల చేసింది. నెల తిరక్కుండానే, 2003 జనవరిలో, కెనడాలో పుట్టిన సైన్స్ ఫిక్షన్ రచయిత కోరీ డాక్టరో తన మొదటి నవల 'డౌన్ అండ్ అవుట్ ఇన్ ద మ్యాజిక్ కింగ్‌డమ్'ను ఆ లైసెన్స్‌తో నెట్‌లో పెట్టేశారు. అదే పుస్తకాన్ని టోర్ అనే పెద్ద పబ్లిషర్ ప్రింట్ చేసి షాపుల్లో అమ్మింది. ఒకవైపు ఫ్రీ, ఇంకోవైపు అమ్మకం! ఆయన లెక్క సింపుల్. కొత్త రచయితకు పైరసీ కన్నా పెద్ద ప్రమాదం, తానంటూ ఒకడున్నాడని ఎవరికీ తెలియకపోవడం.

ఈ లెక్క పీటర్ వాట్స్ విషయంలో ఇంకా బాగా కనిపిస్తుంది. 2006లో వచ్చిన ఆయన నవల 'బ్లైండ్‌సైట్' షాపుల్లో సరిగ్గా దొరకలేదు. దాంతో ఆయన పుస్తకం మొత్తాన్ని నెట్‌లో ఉచితంగా పెట్టేశారు. ఆ తర్వాత వారంలోనే అమ్మకాలు మూడు రెట్లయ్యాయని, తన కెరీర్‌ను నిలబెట్టింది ఆ నిర్ణయమేనని ఆయనే చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆ నవల హ్యూగో అవార్డుకు నామినేట్ అయింది కూడా.

లైసెన్స్ అంటే పుస్తకానికి స్పెక్ షీట్

ఫోన్ కొనే ముందు ర్యామ్, ప్రాసెసర్ చూస్తాం కదా. ఇక్కడ ఈ నాలుగు ముక్కలు చూస్తే చాలు:

• బీవై: రచయిత పేరు తప్పకుండా చెప్పాలి.
• ఎన్‌సీ: డబ్బు సంపాదనకు వాడకూడదు.
• ఎన్‌డీ: మార్చి పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది.
• ఎస్‌ఏ: మార్చుకోవచ్చు, కానీ మీరు చేసినదాన్ని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి.

చివరి రెండింటి మధ్య తేడా మనకు చాలా ముఖ్యం. చార్లెస్ స్ట్రాస్ 2005 నాటి 'యాక్సెలరాండో' బీవై-ఎన్‌సీ-ఎన్‌డీ. దాన్ని ఫ్రీగా చదవొచ్చు, పంచొచ్చు, కానీ తెలుగులోకి అనువదించి పెట్టాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. డాక్టరో 2008 నవల 'లిటిల్ బ్రదర్' బీవై-ఎన్‌సీ-ఎస్‌ఏ. దాన్ని మీరు ఈ రోజే తెలుగులో రాయడం మొదలుపెట్టి, డబ్బు తీసుకోకుండా, అదే లైసెన్స్‌తో పంచొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

'ఫ్రీ' అని రాసి ఉన్నంత మాత్రాన ఈ హక్కులు రావు. ఆండీ వియర్ 'ద మార్షియన్' నవలను మొదట తన సైట్‌లో ఒక్కో అధ్యాయంగా ఫ్రీగానే పెట్టారు. కానీ ఓపెన్ లైసెన్స్ ఇవ్వలేదు. పబ్లిషర్ దొరికాక, సినిమా వచ్చాక, అది మామూలుగా కొనుక్కునే పుస్తకమైంది.

కొన్న పుస్తకం మనదేనా?

2009 జులైలో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ '1984' కాపీలను కొందరి కిండిల్స్ నుంచి రిమోట్‌గా తీసేసింది. అమ్మినవాళ్లకు హక్కులు లేకపోవడం కారణం. డబ్బు వాపసు ఇచ్చారు, కానీ కొనుక్కున్న పుస్తకం మాత్రం రాత్రికి రాత్రి మాయమైంది. ఓపెన్ లైసెన్స్ ఫైల్‌తో ఆ బెంగ లేదు. రూల్స్ పాటిస్తున్నంత కాలం, ఒకసారి ఇచ్చిన లైసెన్స్‌ను రచయిత కూడా వెనక్కి తీసుకోలేరు.

నేను 'లిటిల్ బ్రదర్' ఫైల్‌ను ఫోన్‌లో, ట్యాబ్‌లో, ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. లాగిన్ అడగలేదు, నెట్ ఆఫ్ చేసినా ఆగలేదు. మామూలు నవల టెక్స్ట్ రూపంలో ఒక ఎంబీ లోపే ఉంటుంది, అంటే మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కన్నా చిన్నది! స్టోరేజ్ సాకు చెప్పడానికి లేదు.

తెలుగులో ఏముంది?

బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ 2015లో 'స్టోరీవీవర్' మొదలుపెట్టింది. పిల్లల బొమ్మల కథలు, ఎక్కువగా బీవై లైసెన్స్‌తో ఉంటాయి. తెలుగులో కూడా చదవొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, వేరే భాషలోని కథను మనమే తెలుగు చేసి పెట్టొచ్చు. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే వీడియోల బదులు ఒకసారి ఇది తెరిచి ఇవ్వండి. పెద్దల నవలలు, థ్రిల్లర్లు మాత్రం ఈ దారిలో తెలుగులో ఇంకా బాగా రావాల్సి ఉంది.

రచయిత కడుపు నిండేదెలా?

ఇది న్యాయమైన ప్రశ్నే. ఫ్రీగా ఇచ్చిన ప్రతివాళ్ల అమ్మకాలూ పెరుగుతాయన్న గ్యారంటీ లేదు. డాక్టరో కూడా అన్నీ అలా ఇవ్వలేదు. 'లిటిల్ బ్రదర్' వరుసలోనే 2020లో వచ్చిన 'అటాక్ సర్ఫేస్' ఓపెన్ లైసెన్స్ పుస్తకం కాదు. కానీ దాని ఆడియోబుక్‌కు తాళం వేయడానికి, అంటే డీఆర్‌ఎమ్ పెట్టడానికి, ఆయన ఒప్పుకోలేదు. కిక్‌స్టార్టర్‌లో నేరుగా పాఠకులకే అమ్మి 2.5 లక్షల డాలర్లకు పైగా రాబట్టారు. అందరికీ ఇది సాధ్యం కాదు. అప్పటికే పేరున్న రచయిత కాబట్టి కుదిరింది, ఆ పేరు రావడంలో ఫ్రీ నవలల పాత్ర కూడా ఉంది.

అందుకే నా సలహా ఇది: ఫైల్ దొరకగానే మొదటి పేజీల్లో లైసెన్స్ ఉందా లేదా చూడండి. ఉంటే ధైర్యంగా పంచండి. నచ్చితే అదే రచయిత పుస్తకం ఒక్కటైనా కొనండి. ఇక కథలు రాసే అలవాటు మీకే ఉంటే, మీ మొదటి కథకు ఏ లైసెన్స్ పెడతారో ఇప్పుడే ఆలోచించుకోండి. ఒకసారి ఇచ్చాక వెనక్కి రాదు మరి!